ఊళ్ల హద్దుల ఫైళ్లు తెరవండి: తెలుగు రాష్ట్రాల సర్వే, పంచాయతీరాజ్ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల సర్వే, భూమి రికార్డుల శాఖల ఉన్నతాధికారులకు, పంచాయతీరాజ్ శాఖల ఉన్నతాధికారులకు నమస్కారాలు.

రెవెన్యూ గ్రామాల హద్దులు, పంచాయతీల హద్దులు, మండలాల హద్దులు మీ శాఖల దగ్గర కంప్యూటర్ ఫైళ్లుగా ఉన్నాయి. వాటిని అందరికీ తెరవమని, ఎవరైనా వాడుకోవచ్చు, తిరిగి పంచుకోవచ్చు అని ఆ ఫైళ్లతో పాటే రాసి ఇమ్మని అడగడానికి ఈ లేఖ. ఎందుకు అడుగుతున్నామో, మీరు ఇవ్వడానికి అడ్డేమీ ఎందుకు లేదో వివరంగా చెప్పాలి కాబట్టి కాస్త పొడుగైంది. ఓపికగా చదవమని కోరుతున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. ఏ కంపెనీ తరఫునా రాలేదు. భూముల వ్యాపారంతో మాకు సంబంధం లేదు. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూ, సెలవు దొరికితే ఊళ్లమ్మట తిరిగి రోడ్లు, కాలిబాటలు, చెరువులు, బడులు, ఆసుపత్రులు, మంచినీళ్ల ట్యాంకులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించేవాళ్లం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే జనమంతా కలిసి గీసుకుంటున్న ప్రపంచ పటం. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డినెన్స్ సర్వే పటాలు వాడుకోవాలంటే అప్పట్లో డబ్బు కట్టాలి, షరతులకు ఒప్పుకోవాలి. దాంతో కుర్రాళ్లూ పెద్దలూ జీపీఎస్ పరికరాలు జేబులో వేసుకుని, సైకిళ్లెక్కి, తమ వీధులు తామే గీసుకున్నారు. 2010 ఏప్రిల్లో అదే ఆర్డినెన్స్ సర్వే తన సమాచారంలో కొంత భాగాన్ని అందరికీ ఉచితంగా తెరిచింది. ప్రభుత్వ సర్వే సంస్థా, స్వచ్ఛందంగా గీసేవాళ్లూ పోటీదారులు కానక్కర్లేదని అప్పుడే తేలింది.

మా చేతుల్లో ఉన్న పరికరాల గురించి మీ సిబ్బందిలో చాలామందికి అనుమానాలున్నాయి కాబట్టి ఆ సంగతీ చెప్తాను. జీపీఎస్ రిసీవర్ దేన్నీ ప్రసారం చెయ్యదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సమయాన్ని విని, తను ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది, అంతే. 2000 మే నెల దాకా పౌరులకు అందే సిగ్నల్లో అమెరికా కావాలనే తేడా కలిపేది. వంద మీటర్ల దాకా తప్పు రావచ్చు. ఆ తేడా ఆపేశాకే మామూలు మనిషి చేతిలోని పరికరంతో ఒక వీధిని గీయడం కుదిరింది. ఈ రోజు మా దగ్గరున్న వాటికి ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది. కొబ్బరితోటల్లోనూ, లోయల్లోనూ, ఎత్తైన భవనాల మధ్యా ఇంకా పెరుగుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి. చట్టం దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

మాలో చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్ల మీద స్ట్రీట్‌కంప్లీట్, వెస్పుచి లాంటి యాప్‌లు వాడతారు. కొందరం మాత్రం లినక్స్, అంటే ఎవరైనా లోపల చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం, నడిచే పరికరాలనే పట్టుకుని తిరుగుతాం. 2007లో వచ్చిన నోకియా ఎన్810 టాబ్లెట్, 2009లో వచ్చిన ఎన్900 ఫోన్, వాటి తర్వాత ఈ మధ్యకాలపు పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5, పాత ఫోన్లలో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ ఎక్కించుకున్నవి. వీటిలో జీపీఎస్‌డీ లాంటి ప్రోగ్రాం నడుస్తుంది. రిసీవర్ సెకనుకొకసారి చెప్పే వరుస, అంటే సమయం, అక్షాంశం, రేఖాంశం, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయి, తేడా ఎంత ఉండొచ్చు అన్న వివరాలు, కళ్లముందే అక్షరాలుగా దొర్లుతుంది. దాన్ని ఏ కంపెనీ సర్వరుకూ పంపక్కర్లేదు. నడిచిన దారిని ఫోన్లోనే జీపీఎక్స్ అనే రకం ఫైలుగా దాచుకుని, ఇంటికొచ్చాక పటం మీద పరుచుకుని గీస్తాం. టవర్ లేని కొండల్లో కూడా పని ఆగదు. మేం ఎక్కడ తిరిగామన్నది మా చేతిలోనే ఉంటుంది. మాకు ఆ రెండూ ముఖ్యం.

ఈ పరికరాల చరిత్రలో ఒక ఘట్టం మీకు చెప్పి తీరాలి. 2008లో ఓపెన్‌మోకో సంస్థ నియో ఫ్రీరన్నర్ అనే లినక్స్ ఫోన్ విడుదల చేసింది. కొన్నవాళ్లకు జీపీఎస్ సిగ్నల్ దొరకడం గగనమైపోయింది. మెమరీ కార్డు తీసేస్తే దొరుకుతోంది, పెడితే పోతోంది. కార్డుకు వెళ్లే గడియార సంకేతమే ఉపగ్రహాల బలహీన సిగ్నల్‌ని మింగేస్తోందని తేలింది. కార్డు పని లేనప్పుడు ఆ సంకేతాన్ని ఆపేలా కెర్నల్, అంటే ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, సరిచేశారు. కొందరు పది పికోఫారడ్ల చిన్న కెపాసిటర్ని బోర్డు మీద టంకం వేసుకుని శాశ్వతంగా బాగుచేసుకున్నారు. ఆ ఫోన్ సర్క్యూట్ బొమ్మలను సంస్థ అందరికీ ఇచ్చేసింది. అందుకే లోపం ఎక్కడుందో వెతకడం ఏ ఇంజనీరుకైనా సాధ్యమైంది. మీ ఫైళ్లు తెరవమని అడుగుతున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇలాంటి పనే. తెరిచి ఉంచిన సమాచారంలో తప్పు ఉంటే దాన్ని పట్టుకునే కళ్లు పెరుగుతాయి.

ఇక మేం చేసే పని ఎలా ఉంటుందో ఒక్క చోటు చూపిస్తాను. పాడేరు ఏజెన్సీలో కొండశిఖర గ్రామాలు చాలావాటికి రోడ్డు లేదు. సంత రోజున జనం నడిచే కాలిబాటే దారి. ఉపగ్రహ ఫొటోలో ఆ బాట కనిపించదు, చెట్ల కింద పోతుంది. అక్కడ టవర్ ఉండదు కాబట్టి ఫోన్‌కి ఇంటర్నెట్ నుంచి సాయం అందదు. ఉపగ్రహాలే సెకనుకు 50 బిట్ల వేగంతో తమ కక్ష్యల వివరాలు చెప్పాలి, ఫోన్ వినాలి. ఒక ఉపగ్రహం తన వివరాలు పూర్తిగా చెప్పడానికి అర నిమిషం, అన్ని ఉపగ్రహాలూ ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పే పంచాంగం అందడానికి పన్నెండున్నర నిమిషాలు. అందుకని బాట మొదట్లో ఏదో బండ మీద ఫోన్ ఆకాశం వైపు పెట్టి కూర్చుంటాం. కూర్చున్న కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు.

“రోడ్డు సర్వేకొచ్చారా బాబూ?” అని అడుగుతారు. కాదు తాతా, ఈ దారి పటంలో లేదు, పెడదామని వచ్చాం అంటే కాసేపు నమ్మరు. తర్వాత వాళ్లే ముందు నడుస్తారు. ఈ గెడ్డ (వాగు) వానాకాలంలో దాటలేం, పైకి ఇంకో దారుంది అంటారు. ఆ మలుపులో నీళ్లుంటాయంటారు. డోలీ మోసుకుపోయేటప్పుడు ఎక్కడ ఆగుతారో చూపిస్తారు. నిండు గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకుని దిగే దారి అది. ఆ దారి పొడవు ఎంతో, అంబులెన్సు ఎక్కడి దాకా రాగలదో, గెడ్డ ఎక్కడ అడ్డమో మా జీపీఎక్స్ ఫైల్లోకి ఎక్కుతాయి. అదే సాయంత్రం పటంలో ఒక సన్నని చుక్కల గీతగా కనిపిస్తుంది.

కాళ్లతో తిరిగి పట్టుకోగలిగినవన్నీ మేం పట్టుకుంటాం. మాకు చేతకానిది ఒక్కటే ఉంది. హద్దు. నేల మీద హద్దు కనిపించదు. పక్కపక్కనే ఉన్న రెండు పొలాల్లో ఒకటి ఒక పంచాయతీది, రెండోది ఇంకో పంచాయతీది కావచ్చు. ఏ ఉపగ్రహమూ ఆ సంగతి చెప్పదు. ఊళ్లో పెద్దల్ని అడిగితే పొలిమేర రాయి చూపిస్తారు. రెండు రాళ్ల మధ్య గీత ఎలా పోతుందో గ్రామ నక్షాలోనే ఉంటుంది. ఆ నక్షా మీ దగ్గర ఉంది. దాన్ని మీరే ఇవ్వాలి, దానికి ఇంకో దారి లేదు.

హద్దు లేకపోతే ఏమవుతుందంటే, ఒక బడి ఏ పంచాయతీలో ఉందో, ఒక చెరువు ఏ మండలానిదో పటం చెప్పలేదు. ఫలానా మండలంలో రోడ్డు లేని ఆవాసాలు ఎన్ని అని ఎవరైనా అడిగితే లెక్క తీయలేం. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలు వచ్చాయి. ఒక్కోసారి జీవో వెలువడుతుంది. అందులో ఫలానా మండలం ఫలానా జిల్లాలోకి అని పేర్ల జాబితా ఉంటుంది. మేం ఆ పీడీఎఫ్ ముందు పెట్టుకుని, పాత హద్దుల్ని తెంచి, మండలం తర్వాత మండలం కొత్త హద్దులు అతుక్కుంటూ వచ్చాం. అదే జీవోతో పాటు ఒక ఫైలు పెట్టి ఉంటే ఆ పని ఒక పూటలో అయిపోయేది. పైగా తప్పు లేకుండా అయ్యేది.

జిల్లాల సంగతి ఎలాగో నెట్టుకొచ్చాం, పంచాయతీల దగ్గర మాత్రం చేతులెత్తేశాం. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చాక నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. తండాలు, గూడేలు తమ పాలన తాము చూసుకునే పంచాయతీలయ్యాయి. ఎన్నో ఏళ్లు పోరాడి సాధించుకున్న గుర్తింపు అది. ఆ తండా పేరు పటంలో చుక్కగా పెట్టగలిగాం. దాని పంచాయతీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది గీయలేకపోయాం. ‘మా తండాలో మా రాజ్యం’ అని నినదించినవాళ్లకు తమ తండా ఆకారం పటంలో కనిపించడం చిన్న విషయం కాదని నా నమ్మకం.

మన నేల మీద సర్వే పని ఏనాడూ కొలతలతోనే సాగలేదు. దత్తమండలాలను (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాన్ని) సర్వే చేయించిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన దగ్గర ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య పనిచేశారు. గొలుసు పట్టుకుని నేల కొలిచేవాళ్లు ఒక పక్క ఉంటే, వీళ్లు ఊళ్లకు పోయి, కరణాల దగ్గర కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు, చూసి, పెద్దల నోట విని, ఊరి గుడి, చెరువు, పూర్వకథ అన్నీ రాయించారు. ఆ కైఫియత్తులే ఇప్పటికీ మన గ్రామ చరిత్రకు ఆధారం. కొలత సర్కారుది, ఊరి సంగతి ఊరివాళ్లది, రెండూ ఒకచోట చేరితేనే ఊరు పూర్తిగా తెలిసింది. ఇప్పుడు రెండో పని మేం చేస్తామంటున్నాం. మొదటి పని మీరు ఇప్పటికే చేసి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, ఉపగ్రహ కొలతల్లో తేడాను సరిదిద్దే కోర్స్ బేస్ స్టేషన్లు పెట్టారు, గ్రామ సర్వేయర్లు వాటితో పనిచేసే రోవర్లనే కొలత పరికరాలు పట్టుకుని గట్టుగట్టూ తిరిగారు. అంత ఖర్చుతో, అంత కష్టంతో తేలిన ఊరి పొలిమేర గీత ఇప్పుడు ప్రజల చేతికి రావాలి.

చట్టం ఏమంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే కింది స్థాయిలో ఆ సంగతి చేరలేదు. 2016లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు తెచ్చింది. అనుమతి లేకుండా పటాల సమాచారం సేకరించినా, పంచినా వంద కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. అది చట్టం కాలేదు, కానీ ఆ భయం మిగిలిపోయింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చి ఆ భయాన్ని తీసేసింది. భారతీయులు పటాల సమాచారం సేకరించడానికి, తయారు చెయ్యడానికి, ప్రచురించడానికి ముందస్తు అనుమతి, లైసెన్సు అక్కర్లేదని తేల్చింది. నిలువు ఖచ్చితత్వంలో మూడు మీటర్లు, అడ్డం ఖచ్చితత్వంలో ఒక మీటరు గీత గీసింది. అంతకన్నా సూక్ష్మమైన సమాచారాన్ని దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి. మా ఫోన్లు ఇచ్చేది మూడు నుంచి ఐదు మీటర్లు. ఆ గీతకు ఎంతో ఇవతలే ఉన్నాం.

అవే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది. భద్రతా సంస్థల రహస్య సమాచారం తప్ప, ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారమంతా శాస్త్రీయ, ఆర్థిక, అభివృద్ధి అవసరాల కోసం భారతీయులందరికీ సులభంగా అందాలని, వాడకం మీద ఆంక్షలు ఉండకూడదని అందులో రాశారు. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ జియోస్పేషియల్ విధానం దీన్ని ముందుకు తీసుకెళ్లింది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే సొంతంగా ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. కాబట్టి మేం అడుగుతున్నది కొత్త వరమేమీ కాదు. ఇప్పటికే ప్రకటించిన విధానాన్ని ఊరి హద్దు దాకా తీసుకురమ్మంటున్నాం, అంతే.

ఇలా ఇవ్వడం మన దేశంలో జరగని పనీ కాదు. 2022లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన కోసం సేకరించిన పటాల సమాచారాన్ని ప్రజలకు తెరిచింది. దేశమంతటా ఎనిమిది లక్షలకు పైగా గ్రామీణ సౌకర్యాలు, అంటే బడులు, ఆసుపత్రులు, మార్కెట్లు, వాటి స్థానాలు, వాటితో పాటు గ్రామీణ రోడ్లు, ఆవాసాలు. దానివల్ల ఏ ఉపద్రవమూ రాలేదు. ఆ పథకం కింద మైదాన ప్రాంతంలో అయిదు వందలు, గిరిజన, కొండ ప్రాంతాల్లో రెండొందల యాభై జనాభా ఉన్న ఆవాసాలను లెక్కలోకి తీసుకున్నారు. ఒక ఆవాసానికి రోడ్డు రావాలంటే ముందు అది జాబితాలో ఉండాలి. జాబితా బయటికొస్తేనే అందులో లేని ఊరేదో తెలుస్తుంది. మా ఊరు ఇందులో లేదు అని ఒక సర్పంచి అర్జీ పెట్టుకోవాలంటే ఆధారం చూపించగలగాలి.

ఆ ఆధారం ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఆంధ్రదేశంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సే చాలు. ఫోన్ వస్తుంది. ఏ ఊరు, ఏ మండలం, దగ్గర్లో ఏ గుడి అని అడుగుతారు. ఒకే పేరుతో కొత్తపల్లెలు జిల్లాకు అరడజను ఉండే నేల మనది. ఏ కొత్తపల్లె అన్నది తేల్చేది మండలం హద్దే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అలాంటప్పుడు కరెంటు పోతుంది, నెట్ ఆగిపోతుంది, ఆన్‌లైన్ పటాలు తెరుచుకోవు. ముందే ఫోన్లోకి దింపుకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరుచుకుంటుంది. సాయానికి బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు, పడవ నడిపేవాళ్లకు, అన్నం పొట్లాలు పట్టుకెళ్లేవాళ్లకు ఏ వీధి ఏ డివిజనులో ఉందో ఆ పటం చూపించగలగాలి. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచమంతటి నుంచి స్వచ్ఛందులు రోజుల్లో పోర్టో ప్రిన్స్ నగరాన్ని గీసిపెట్టారు. మన దగ్గర విపత్తు వచ్చాక గీయడం కంటే రాకముందే గీసి ఉంచడం మేలు.

ఇక్కడ ఒక సంగతి తెగేసి చెప్పాలి. మేం మీ దగ్గర పట్టాదారుల పేర్లు అడగడం లేదు. ఖాతా నంబర్లు, సర్వే నంబర్ల వారీ కమతాల హద్దులు కూడా వద్దు. ఎవరి పొలం ఎంతో మా పటానికి అక్కర్లేదు. అది ఉండకూడదని కూడా నా అభిప్రాయం. రికార్డు గొడవలతో నలిగిపోతున్న రైతుని బజారులో పెట్టే పని మేం చెయ్యం. మాకు కావల్సింది ఊరి పొలిమేర, పంచాయతీ గీత, మండలం గీత. వాటితో పాటు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ ఊరికి ఇచ్చిన కోడ్. ఆ కోడ్ ఉంటే పేరు ఎన్ని రకాలుగా రాసినా ఊరు ఒకటేనని తెలుస్తుంది.

పేర్లన్నాను కాబట్టి, ఇంకో విన్నపం. మీ జాబితాలు చాలావరకు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో దొరుకుతున్నాయి. వాటిలో ట ఏదో త ఏదో, ళ ఏదో ల ఏదో, పొడుగు ఏదో పొట్టి ఏదో తెలియదు. బయటివాళ్లు గీసిన పటాల్లో మన ఊళ్ల పేర్లు గుర్తుపట్టలేనట్టు తయారైంది ఇందువల్లే. మీ రికార్డుల్లో తెలుగు పేర్లు ఉన్నాయి. అవే ఇవ్వండి. శివారు గ్రామాలు, తండాలు, గూడేల పేర్లు జనం పిలిచే తీరులో మేం సరిచూసి ఎక్కిస్తాం.

లైసెన్సు దగ్గర కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను. చాలాసార్లు పని ఆగిపోయేది అక్కడే. ఒక వెబ్‌సైట్లో పటం కనిపించడం వేరు, డౌన్‌లోడ్ చేసుకోగలగడం వేరు, దాన్ని ఇంకో పటంలో కలిపి పంచే హక్కు ఉండడం వేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా మొదటి నియమం ఏమిటంటే, హక్కు లేనిచోటి నుంచి ఒక్క పేరు కూడా తీసుకోకూడదు. గూగుల్ మ్యాప్ చూసి ఎక్కించిన వీధి పేరు కనిపిస్తే మేమే తీసేస్తాం. అలాగే మీ వెబ్‌సైట్లో హద్దు కళ్లకు కనిపిస్తున్నా, అనుమతి రాతపూర్వకంగా లేకపోతే ముట్టుకోం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్సు) కింద నడుస్తోంది. కేంద్రం 2017లో ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు నోటిఫై చేసింది. మీరు ఆ లైసెన్సు కింద ఫైళ్లు విడుదల చేసి, ‘ఈ సమాచారాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దాని లైసెన్సు ప్రకారం వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు’ అని శాఖ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం జత చేస్తే ఏ సందేహమూ మిగలదు. ఆ ఒక్క వాక్యం లేక ఆగిపోయిన పని ఎంతో ఉంది.

దీన్ని పెద్ద కంపెనీలు తినేస్తాయి కదా అని మీలో కొందరు అనొచ్చు. కంపెనీలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడుతున్న మాట నిజం. మెటా, మైక్రోసాఫ్ట్, అమెజాన్ అన్నీ వాడుతున్నాయి. అయితే ఓడీబీఎల్ ప్రకారం ఆ సమాచారాన్ని ఎవరైనా మార్చి, మెరుగుపరిచి బయటికి వదిలితే, ఆ మెరుగైన సమాచారాన్ని కూడా అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. డబ్బున్న కంపెనీకి మీ హద్దులు ఎలాగూ ఏదో రూపంలో దొరుకుతాయి. తెరవకపోతే దొరకనిది ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థికి, పల్లెటూరి విలేఖరికి, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకి.

తప్పుడు మార్పులు చేస్తే ఎలా అనే ప్రశ్న న్యాయమైనది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి మార్పూ ఏ ఖాతా నుంచి జరిగిందో, ఎప్పుడు జరిగిందో, అంతకు ముందు ఏముందో చరిత్రగా నిలిచి ఉంటుంది. చెడగొట్టిన హద్దును వెనక్కి తిప్పడం నిమిషాల పని. అధికారిక హద్దు ఎప్పుడూ మీ ఫైలే, అందులో సందేహం లేదు. కోర్టులో చూపించాల్సి వస్తే ఎవరైనా మీ దగ్గరికే రావాలి. దేశం బయటి సరిహద్దుల సంగతి మేం ఇక్కడ ఎత్తడం లేదు. దానికి సర్వే ఆఫ్ ఇండియా పటమే ప్రమాణం. మా విన్నపమంతా రాష్ట్రం లోపలి గీతల గురించే.

కింది స్థాయి సిబ్బందికి ఒక సర్క్యులర్ కూడా పంపాలి. చేతిలో ఫోనో, పసుపుపచ్చ గార్మిన్ ఈట్రెక్స్ జీపీఎస్ పరికరమో పట్టుకుని వీధిలో నిలబడితే ఆపి నిలదీసేవాళ్లు ఉన్నారు. మా మిత్రుడు ఒకతను, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఒక ఊళ్లో రోడ్డు ట్రాక్ తీస్తుంటే ఒక ఉద్యోగి ఆపి, ఫోన్ తీసుకుని, పగలంతా నడిచి పోగుచేసిన ఫైలు చెరిపించాడు. ఏ ఊరో, ఏ శాఖో ఇక్కడ రాయను. ఆయనా తన బాధ్యత అనుకునే చేసి ఉంటాడు. 2021 మార్గదర్శకాలు ఏం చెప్తున్నాయో తెలుగులో ఒక పేజీ రాసి గ్రామ, మండల స్థాయి సిబ్బందికి చేరిస్తే ఇలాంటివి ఆగుతాయి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలకు మన దేశంలో అనుమతి కావాలి. మామూలు జీపీఎస్ రిసీవర్‌కి అక్కర్లేదు. ఈ తేడా కూడా ఆ పేజీలో ఉండాలి. సైనిక స్థావరాల దగ్గర, నిషేధం ఉన్నచోట మేం తిరగం. అడిగితే ఏం చేస్తున్నామో చూపిస్తాం, దాచేది ఏమీ లేదు.

మేం ఏం ఇవ్వగలమో కూడా చెప్పాలి. ఊళ్లమ్మట తిరిగేటప్పుడు మీ పటంలోని తప్పులు మాకు కనిపిస్తాయి. చెరువు గట్టు మీద ఉన్నట్టు చూపించిన రోడ్డు నిజానికి గట్టు కింద పోతుంది. ఎప్పుడో ఖాళీ అయిన గూడెం ఇంకా అక్కడే ఉంటుంది, రెండు మైళ్ల అవతల కొత్తగా వెలిసిన గూడెం మాత్రం ఉండదు. ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి మీ శాఖలో ఎవరిని అడగాలో తెలియదు. ఒక ఈమెయిలు చిరునామా ఇవ్వండి. జీపీఎక్స్ ఫైలు, ఫొటో, తేదీ జత చేసి పంపుతాం. మీ గ్రామ సర్వేయరు వెళ్లి చూసుకుని, నిజమైతే సరిచేసుకోవచ్చు. పాలిటెక్నిక్‌లో, డిగ్రీ కాలేజీల్లో పిల్లలకు ఒక ఆదివారం కూర్చోబెట్టి ఈ పని నేర్పడానికి మేం సిద్ధం. పాత ఫోన్లో లినక్స్ ఎక్కించి, సొంత ఊరిని తనే గీసిన పిల్లవాడు రేపు మీ శాఖకే మంచి సర్వేయరుగా వస్తాడు.

రెండు రాష్ట్రాల ఫైళ్లన్నీ ఒకేసారి ఇవ్వడం కష్టమంటే అర్థం చేసుకోగలం. ముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో మండలం ఇవ్వండి. అటు ఏజెన్సీ నుంచి ఒకటి, ఇటు తండాలు ఎక్కువున్న మండలాల నుంచి ఒకటి ఎంచుకుంటే మంచిది, అవసరం అక్కడే ఎక్కువ. మండలం హద్దు, అందులోని పంచాయతీల హద్దులు, ఊళ్ల తెలుగు పేర్లు, కోడ్‌లు ఒక షేప్‌ఫైలులోనో జియోజేసన్ ఫైలులోనో (రెండూ పటాల సమాచారం దాచే ఫైళ్ల రకాలే) పెట్టి, ఆ అనుమతి ఉత్తరం జత చెయ్యండి. వాటిని సరిచూసి పటంలో కలపడం, ప్రతి ఆవాసానికీ వెళ్లి దారులు ట్రాక్ తియ్యడం, తేడాలన్నీ రాసి మీకు తిరిగి పంపడం మా బాధ్యత. ఆ రెండు మండలాల్లో వచ్చిన ఫలితం చూశాక మిగతావాటి మీద నిర్ణయం తీసుకోండి. ఆ మండలాలు ఏవో మీరు చెప్పిన వారంలోపే పని మొదలుపెడతాం.

ఇట్లు,
ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు ఊళ్లు గీస్తున్న ఒక స్వచ్ఛంద కార్యకర్త, మిత్రులందరి తరఫున